తెల్ల ఎలుకలు చెప్పిన రంగు రహస్యం

ఉమ్మడి విశాఖ జిల్లాలోని చోడవరం చుట్టుపక్కల చెరకు నరికే రోజుల్లో మీరెప్పుడైనా తిరిగారా? పొద్దున్నే తోటలో దిగినవాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా ఎండలోనే ఉంటారు. తలకు తువ్వాలు, చేతిలో కత్తి, అంతే. ఏళ్ల తరబడి అలా ఎండలో మాడినా, ఆ ఎండ వల్ల వాళ్లకు చర్మ క్యాన్సర్ రావడం చాలా అరుదు. వాళ్ల నల్లటి చర్మమే వాళ్లకు గొడుగు.

ఇప్పుడు అదే వీధిలో, అదే రంగు తల్లిదండ్రులకు పాలనురుగు లాంటి జుట్టుతో ఒక బిడ్డ పుట్టిందనుకోండి. ఊరు ఆ బిడ్డకు వెంటనే దొరబాబు అనో, దొరసాని అనో పేరు పెట్టేస్తుంది. తల్లి కుంకుమపువ్వు ఎక్కువ తాగిందని ఒకరంటారు. గ్రహణం చూసిందని ఇంకొకరంటారు. మరికొందరు నోరు తెరిచి ఏమీ అనకుండానే తల్లి వైపు అనుమానంగా చూస్తారు. ఈ మాటల సందడిలో అసలు సంగతి ఎవరికీ పట్టదు. మిగతావాళ్లు తువ్వాలు చుట్టుకుని తట్టుకునే ఎండ ఆ బిడ్డకు ఏళ్లు గడిచేకొద్దీ ప్రాణం మీదికి తేవచ్చు.

ఆ బిడ్డ జుట్టు ఎందుకు తెల్లబడింది? ఆ తెలుపు అమ్మ నుంచి వచ్చిందా, నాన్న నుంచి వచ్చిందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకడానికి తొలి అడుగులు వేసినవాళ్లలో ఒకాయన కథ ఇది. ఆయన పుట్టింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో. ఆయన అస్థిపంజరం ఉన్నది మన కాకినాడలో. పేరు జె.బి.ఎస్. హాల్డేన్.

గనుల్లో చదువుకున్న పిల్లాడు

హాల్డేన్ 1892 నవంబరు 5న పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లో కార్మికులను చంపే విషవాయువుల మీద పరిశోధన చేసేవాడు. కొడుకును చిన్నప్పుడే వెంట గనుల్లోకి తీసుకెళ్లేవాడు. ఒకసారి మీథేన్ పేరుకున్న చోట పిల్లాణ్ని నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కాసేపటికి పిల్లాడు కళ్లు తిరిగి పడిపోయాడు. నేలమీద గాలి బాగానే ఉండటంతో వెంటనే తేరుకున్నాడు. తేలిక వాయువు పైనే ఉంటుందన్న పాఠం జన్మలో మరవలేదు. మనిషి ఒళ్లే ఒక ప్రయోగశాల అన్న నమ్మకం ఆ ఇంట్లో అలా మొదలైంది.

1901లో, ఎనిమిదేళ్ల వయసులో, తండ్రి ఆ పిల్లాణ్ని ఒక ఉపన్యాసానికి తీసుకెళ్లాడు. మాట్లాడింది డార్బిషైర్ అనే శాస్త్రవేత్త. బఠాణీ మొక్కల మీద మెండెల్ చేసిన పని అప్పటికి ఏడాది కిందటే మళ్లీ వెలుగులోకి వచ్చింది. లక్షణాలు తరాల మధ్య ఎలా చేతులు మారతాయో ఆ ఉపన్యాసంలో విన్నాడు. ఆ మాటలు ఆ చిన్న బుర్రలో నాటుకున్నాయి.

ఎలుకలు, చెల్లెలు, యుద్ధం

1908 ప్రాంతంలో చెల్లెలు నయోమి ఇంట్లో గినీ పందులు పెంచడం మొదలుపెట్టింది. అన్నకు అవి ఆటవస్తువుల్లా కనిపించలేదు. మెండెల్ లెక్కలు సరిచూసుకునే అవకాశం అనుకున్నాడు. తర్వాత ఎలుకలు వచ్చాయి. స్ప్రంట్ అనే స్నేహితుడు కూడా చేరాడు. ఈ ముగ్గురూ ఎంచుకున్న లక్షణం రంగు. రంగునైతే కంటితో చూసి లెక్కపెట్టొచ్చు మరి.

వాళ్ల దగ్గర రెండు రకాల ఎలుకలు ఉండేవి. ఒకటి పూర్తిగా తెల్లది. బొచ్చులో రంగు లేదు, కళ్లు గులాబీ రంగు. రెండోదానికి బొచ్చులో కొంచెం వెలిసిన రంగు ఉంటుంది, కళ్లు మాత్రం గులాబీవే. మెండెల్ చెప్పిన ప్రకారం రెండు వేర్వేరు లక్షణాలు పిల్లలకు దేని దారిన అది వెళ్లాలి. కానీ డార్బిషైర్ అచ్చువేసిన పాత ఎలుకల లెక్కల్లోనే ఈ రెండూ కలిసి ప్రయాణిస్తున్నట్టు హాల్డేన్‌కు అనుమానం వచ్చింది. సొంతంగా పెంచి చూస్తే అదే నిజమైంది. ఆ రెండు లక్షణాల జన్యువులు ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉన్నాయన్నమాట.

ఫలితాలు అచ్చవకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హాల్డేన్ సైన్యంలో చేరారు. స్ప్రంట్ 1915లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. హాల్డేన్ యుద్ధరంగం నుంచే ఆ వ్యాసం పూర్తి చేశారు. అది 1915లోనే జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చింది. పాలిచ్చే జంతువుల్లో రెండు జన్యువులు జతగా సాగుతాయని చూపిన మొదటి పరిశోధన అదే. రచయితల పేర్లలో చెల్లెలి పేరూ, చనిపోయిన స్నేహితుడి పేరూ ఉన్నాయి.

ఆ రెండు జన్యువులూ మీలో ఉన్నాయి

వందేళ్ల కిందటి ఎలుకలతో మనకేం పని అనుకుంటున్నారా? ఉంది. ఆ రెండు జన్యువులూ మనుషుల్లోనూ ఉన్నాయని తర్వాతి తరాల శాస్త్రవేత్తలు తేల్చారు. తెల్ల ఎలుకలో చెడిన జన్యువును మనలో టీవైఆర్ అంటారు. వెలిసిన రంగు ఎలుకలో చెడినదాన్ని ఓసీఏ2 అంటారు. ఎలుకలో పక్కపక్కన ఉన్న ఈ రెండూ మనలో వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటాయి. చేసే పని మాత్రం అదే.

మీ చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ వీటి సంఖ్య దాదాపు సమానం. తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్ అనే రంగు పదార్థం ఎంత, ఏ రకం అన్నదాంట్లోనే. టీవైఆర్ జన్యువు ఒక ఎంజైమును తయారు చేయిస్తుంది. ఆ ఎంజైము లేకపోతే మెలనిన్ తయారీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. జుట్టు, చర్మం, కళ్లు మూడూ రంగు కోల్పోతాయి. దీన్నే ఆల్బినిజం అంటారు. ఓసీఏ2 చెడితే కొంచెం రంగు మిగులుతుంది. జుట్టు గడ్డి రంగులోనో, పసుపు ఛాయలోనో ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 17,000 నుంచి 20,000 మందిలో ఒకరు ఆల్బినిజంతో పుడతారని అంచనా.

మెలనిన్ పని అందం కాదు, కాపలా. చర్మ కణంలో జన్యుపదార్థం ఉండే కేంద్రకం మీద అది టోపీలా కూర్చుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలికి దూరి జన్యుపదార్థాన్ని చెడగొట్టకుండా అడ్డుకుంటుంది. టోపీ లేని కణం ఏటికేడు దెబ్బలు తింటూ చివరికి క్యాన్సర్ కణంగా మారవచ్చు. ఎర్ర జుట్టు ఉన్న ఐరోపావాళ్లకూ ఇలాంటి చిక్కే ఉంది. వాళ్లలో ఎంసీ1ఆర్ అనే మరో జన్యువులోని మార్పుల వల్ల నల్లటి మెలనిన్ బదులు ఎర్రటి మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. ఆ ఎర్ర రకం ఎండను సరిగా ఆపలేదు. అందుకే వాళ్లకు మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. నలుపు నాణ్యమని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే జుట్టు రంగు మారిన ప్రతిసారీ జన్యువులను అనుమానించకండి. వయసుతో నెరవడం వేరు. సరైన తిండి లేని పిల్లల్లో జుట్టు ఎర్రబారడం వేరు, దానికి మందు మంచి ఆహారమే. మచ్చలు మచ్చలుగా రంగు పోయే బొల్లి కూడా వేరు. అది పుట్టుకతో వచ్చేది కాదు.

తన ఒంటి మీదే ప్రయోగాలు

మళ్లీ హాల్డేన్ దగ్గరికి వద్దాం. ఆయనకు సైన్సులో డిగ్రీ లేదంటే నమ్ముతారా? ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ప్రాచీన సాహిత్యం. అయినా కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం బోధించారు. పరిణామ సిద్ధాంతానికి గణితం పునాది వేసిన ముగ్గురిలో ఆయనొకరు. 1937లో జూలియా బెల్‌తో కలిసి, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా, వర్ణాంధత్వం రెండింటి జన్యువులూ మనుషుల్లో ఒకే క్రోమోజోమ్ మీద జతగా సాగుతాయని చూపారు. ఎలుకల్లో కుర్రతనంలో చూసిన సంగతినే ఈసారి మనుషుల్లో చూశారు.

తండ్రి నేర్పిన అలవాటు మాత్రం పోలేదు. ఒంట్లో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తానే అమ్మోనియం క్లోరైడు తాగారు. జలాంతర్గాముల్లో సైనికులు ఎలా చనిపోతున్నారో తేల్చడానికి పీడనం పెంచిన గదుల్లో తానే కూర్చున్నారు. ఒక ప్రయోగంలో మూర్ఛ వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. చెవి కర్ణభేరికి చిల్లు పడింది. వాటి గురించి నవ్వుతూ చెప్పుకునేవారు.

తప్పులు చేయని మనిషేమీ కాదు. కమ్యూనిస్టు పార్టీలో ఉన్న రోజుల్లో, జన్యుశాస్త్రాన్నే కాదన్న సోవియట్ శాస్త్రవేత్త లైసెంకోను గట్టిగా ఖండించాల్సిన చోట వెనకాడారు. కానీ అదే పార్టీ పత్రికలో కార్మికులకు అర్థమయ్యే మాటల్లో మూడు వందలకు పైగా సైన్సు వ్యాసాలు రాశారు. మీరిప్పుడు చదువుతున్న ఇలాంటి పేజీలకు ఆయన్ను ఒక పెద్దదిక్కుగా చెప్పుకోవచ్చు.

పిఠాపురం కుర్రాడు, తెలుగువారి పెళ్లిళ్లు

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడినప్పుడు కోలుకోవడానికి హాల్డేన్‌ను భారతదేశానికి పంపారు. ఈ దేశం ఆయన మనసులో ఉండిపోయింది. 1957లో, 64 ఏళ్ల వయసులో, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చేశారు. మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా వేసుకున్నారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరుడయ్యారు. ఊళ్లో పిల్లలు సరదాగా పిలిచే దొర కాదు, నిజంగానే తెల్లదొరగా పుట్టి మనవాడైన మనిషి.

అక్కడ ఆయన దగ్గర చేరిన తొలి శిష్యుల్లో ఒకరు పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా ఫరవాలేదు, కళ్లు తెరిచి చుట్టూ చూస్తే చాలన్నది హాల్డేన్ పద్ధతి. ద్రోణంరాజు తమ కుటుంబంలోనే మగవాళ్ల చెవి అంచుల మీద మొలిచే వెంట్రుకలను గమనించి, అది తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే వచ్చే లక్షణమా అని పరిశీలించారు. తర్వాత 1960ల మొదట్లో మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు ఎంతగా జరుగుతున్నాయో, వాటి ప్రభావం ఏమిటో అధ్యయనం చేశారు. మేనమామ మేనకోడలిని చేసుకోవడం, మేనత్త మేనమామల పిల్లలు పెళ్లాడటం ఇక్కడ మామూలు విషయం. ఐరోపాలో అంత దగ్గరి పెళ్లిళ్లు అరుదు. జన్యుశాస్త్రానికి మన ఇళ్లలోనే పెద్ద పాఠం ఉందని హాల్డేన్ గుర్తించారు.

ఆ పాఠం మీకూ అవసరమే. ఆల్బినిజం అంతర్గత లక్షణం. ప్రతి జన్యువూ మనలో రెండు నకళ్లు ఉంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒక నకలు చెడినా రెండోది పనిచేస్తే రంగుకు లోటుండదు. అలాంటి మనిషిని వాహకుడంటారు. తనకు ఆ సంగతి తెలియనే తెలియదు. వాహకులైన ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు చెడ్డ నకళ్లు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

లెక్క చూడండి. 20,000 మందిలో ఒకరికి ఆల్బినిజం ఉన్నచోట, మామూలు మనుషుల్లో దాదాపు 70 మందిలో ఒకరు వాహకులుగా ఉంటారు. మీరు వాహకులై, బయటి సంబంధం చేసుకుంటే, మీ జోడీ కూడా వాహకులయ్యే అవకాశం 70లో ఒకటి. మేనమామ కూతురినో, మేనత్త కొడుకునో చేసుకుంటే అది ఎనిమిదింట ఒకటి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగింట ఒకటి. మేనరికం చెడ్డ జన్యువును పుట్టించదు. ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ తెచ్చి ఒకచోట కలిపే వీలు పెంచుతుంది, అంతే.

ఇందులోనే ఇంకో మాట దాగి ఉంది. ఆ బిడ్డ తెల్లగా పుట్టాలంటే ఒక నకలు తల్లిది, ఇంకో నకలు తండ్రిది కావాలి. అంటే ఆ జుట్టు తల్లి మీద అనుమానానికి కారణం కాదు. ఆ తెలుపులో అమ్మకూ నాన్నకూ సమాన భాగం ఉంది. కుంకుమపువ్వుకూ గ్రహణానికీ భాగం లేదు.

ఆలస్యంగా తెలిసిన జబ్బు

1962లో హాల్డేన్ భువనేశ్వర్ వెళ్లారు. అక్కడ ఒడిశా ప్రభుత్వ సాయంతో జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. మరుసటి ఏడాది అమెరికా పర్యటనలో ఉండగా మలంలో రక్తం కనిపించింది. లండన్‌లో పరీక్షిస్తే పెద్దపేగు చివర క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేశారు. ఆస్పత్రి మంచం మీదే తన జబ్బు గురించి నవ్వు పుట్టించే కవిత రాసి పత్రికకు పంపారు. సిగ్గుపడి దాచకండి, అనుమానం రాగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి అన్నది దాని సారం. ఆయన విషయంలో మాత్రం అప్పటికే ఆలస్యమైంది. 1964 డిసెంబరు 1న, 72 ఏళ్ల వయసులో, భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ముందే వీలునామా రాశారు. అలాగే ఇచ్చారు. బతికినంత కాలం ప్రయోగాలకు వాడుకున్న ఒళ్లు, పోయాక కూడా వైద్య విద్యార్థులకు పాఠమైంది. ఆ కళాశాలలో ఆయన అస్థిపంజరాన్ని ఇప్పటికీ భద్రపరిచారు.

మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే

హాల్డేన్ చివరి మాట మీకూ వర్తిస్తుంది. ఆల్బినిజాన్ని మాన్పే మందు ఇప్పటికి లేదు. కానీ దాని వల్ల వచ్చే చర్మ క్యాన్సర్‌ను చాలావరకు తప్పించుకోవచ్చు.

ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా బిడ్డను నేరుగా ఎండలో ఉండనివ్వకండి. ఒత్తుగా నేసిన నిండు చేతుల చొక్కా, మెడ, చెవులు కప్పే వెడల్పాటి అంచు టోపీ, గొడుగు, వీటికి ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. మిగిలిన చోట ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ రాసి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మబ్బు పట్టిన రోజునా మానొద్దు.

ఈ పిల్లలకు చూపు మందంగా ఉంటుంది, వెలుతురు పడదు, కళ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. అది మొద్దుతనం కాదు. పసితనంలోనే కంటి డాక్టరుకు చూపించండి. బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి. చూపు లోపం నిర్ణీత శాతం దాటితే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవచ్చు. దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగకపోయినా, ఒళ్లు ఊరికే కమిలిపోతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి.

ఏడాదికి ఒకసారైనా చర్మ వైద్యుడి చేత ఒళ్లంతా చూపించండి. గరుకుగా పొట్టు లేస్తున్న మచ్చ, పెరుగుతున్న గులాబీ రంగు బొడిపె, నాలుగు వారాలైనా మానని పుండు, వీటిలో ఏది కనిపించినా నాటు మందు రాస్తూ రోజులు గడపొద్దు. విశాఖ కేజీహెచ్‌లో చర్మ విభాగం ఉంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తొలిదశలో అయితే చాలాసార్లు చిన్న ఆపరేషన్‌తోనే పోతుంది.

నల్లటి చర్మం ఉన్నవాళ్లూ పూర్తిగా నిశ్చింతగా ఉండొద్దు. మనవాళ్లలో మెలనోమా వస్తే ఎక్కువగా ఎండ తగలని అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది. అక్కడ కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్ల మచ్చను, గోరులో నల్లటి గీతను చూపించుకోండి.

ఇక మీ వంశంలో ఎవరికైనా ఆల్బినిజం ఉంటే, మేనరికం ఖాయం చేసుకునే ముందు జన్యు సలహా తీసుకోండి. బాంధవ్యాలు తెంచుకోమని కాదు, తెలిసి నిర్ణయించుకోమని.

ఈసారి మీ వీధిలో తెల్ల జుట్టు బిడ్డ ఎండకు కళ్లు చికిలించుకుని నిలబడితే, దొరబాబూ అని పిలిచి నవ్వేసి వెళ్లిపోకండి. నీడలోకి పిలిచి, ఆ తలమీద ఒక టోపీ పెట్టండి.